ఆ నంబర్ ఫోల్డర్‌లో ఏముంది?

సర్వర్ డిస్క్ నిండిపోయింది. ఏ డేటాబేస్ ఎక్కడుందో తెలీకుండా ఫోల్డర్లు డిలీట్ చేస్తే కొంప కొల్లేరే!

మైఎస్‌క్యూఎల్‌తో తిప్పలు తక్కువ. లైనక్స్‌లో మామూలుగా '/వార్/లిబ్/మైఎస్‌క్యూఎల్' లోపల ఒక్కో డేటాబేస్‌కి దాని పేరుతోనే ఫోల్డర్ ఉంటుంది.

పోస్ట్‌గ్రెస్ అలా కాదు. అడ్మిన్ లాగిన్‌తో 'షో డేటా_డైరెక్టరీ' అని అడగండి, అసలు అడ్రస్ చెప్పేస్తుంది. అక్కడ 'బేస్' ఫోల్డర్ తెరిస్తే పేర్లుండవు, 16384 లాంటి నంబర్లే! డేటాబేస్ పేరు మార్చినా ఈ నంబర్ మారదు. ఏ నంబర్ ఎవరిదో 'పీజీ_డేటాబేస్' టేబుల్‌లో ఓఐడీ, డాట్‌నేమ్ కాలమ్స్ పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది. వేరే టేబుల్‌స్పేస్ పెట్టుకుంటే మాత్రం ఆ డేటా 'బేస్' బయట ఉంటుంది.

పేరు చూసి మోసపోవద్దు కూడా. 'పీజీ_ఎక్స్‌లాగ్'ని పాత లాగ్ ఫైళ్లే కదా అని తుడిచేసి డేటా పోగొట్టుకున్నవాళ్లున్నారు. అందుకే 2017లో వచ్చిన వెర్షన్ 10లో దాన్ని 'పీజీ_వాల్' చేశారు.

చోటు కావాలా? ముందు బ్యాకప్ తీయండి. తర్వాత 'డ్రాప్ డేటాబేస్' అని సర్వర్‌కే చెప్పండి. ఫోల్డర్ మీద మాత్రం చెయ్యి వేయకండి!