పిల్లనగ్రోవికి తెలుగు వచ్చునా?

ఈ నెల పిల్లనగ్రోవిని గురించి వ్రాయదలచినాము. ఆఫీసులో ఫైళ్లు కట్టే గుమాస్తాకు సంగీతంతో ఏమి పని అని మీరు నవ్వవచ్చును. నవ్వినా సరే, సంగతి మనందరి ఇళ్లదీ గనుక చివరిదాకా చదవవలెనని మనవి.

మా అమ్మాయికి పన్నెండేళ్లు. వారానికి రెండు దినాలు కుందారపల్లి నుండి కృష్ణగిరికి పోయి వేణువు నేర్చుకొంటున్నది. మొదటి మూడు వారాలు గాలి తప్ప నాదం రాలేదు. మా అమ్మ వినీ వినీ, "ఊదుగొట్టంతో ఇంతసేపు ఊదితే తడికట్టె కూడా మండునే!" అన్నది. నాలుగవ వారంలో ఒక సాయంకాలం ఉన్నట్టుండి షడ్జమం పలికినది. ఆ రాత్రి పిల్ల వేణువును తలగడ పక్కనే పెట్టుకొని పండుకొన్నది.

చూచేందుకు అది వట్టి వెదురుముక్కే. మన దక్షిణాది వేణువుకు ఊదే రంధ్రం ఒకటి, వేళ్లకు ఎనిమిది. వాటిలో చివరిదానిని మూయరు. ఊదే రంధ్రానికి దగ్గరగా ఉన్న రెండింటిని మూస్తే షడ్జమం, ఒక్కటే మూస్తే రిషభం, అన్నీ తెరిస్తే గాంధారం. ఆరు మూసి కొంచెం ఒత్తి ఊదితే మధ్యమం. ఇట్లు వరుసగా పలికేది హరికాంభోజి. తక్కిన రాగాలకు, గమకాలకు రంధ్రాన్ని సగమో పావో మూయవలెను. వీణకు మెట్లున్నవి, ఇక్కడ వేలికి చెవే దారి చూపవలెను.

కచ్చేరీలో వేణువుకు పెద్దపీట వేయించినవారు కుంభకోణం శరభశాస్త్రిగారు (1872–1904). వారికి కంటిచూపు లేదు. వారి శిష్యులు పల్లడం సంజీవరావుగారు. ఆ తరువాత, మాలి అని అందరూ పిలుచుకొన్న టి. ఆర్. మహాలింగంగారు (1926–1986) వేణువు చేత మనిషి గొంతులాగా పాడించినారు. గొంతులాగా అనగా ఏమి? మాకు చిక్కు వచ్చినది అక్కడే.

అయ్యవారు తమిళులు. త్యాగరాజస్వామి కీర్తన ఒకటి చెప్పినారు. ఒకనాడు మేము కూడా కూర్చొని వింటిమి. స్వరాలన్నీ సరిగానే ఉన్నవనుకొని లోలోపల మురిసిపోయినాము. అయ్యవారు మాత్రం చేయి ఎత్తి ఆపినారు. "మాట నడుమ ఊపిరి తీస్తున్నావమ్మా. అర్థం తెలిసి ఊదవలె. ఇది మీ భాషే గదా!" అన్నారు. పిల్ల తల వంచుకొన్నది. ఆయన మా వైపు తిరిగి, "మేము అర్థం అడిగి అడిగి నేర్చుకొన్నాము సార్. మీకు ఇంట్లోనే ఉన్నది గదా" అన్నారు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే మాకు మరింత సిగ్గు వేసినది.

ఇంటికి వచ్చి నోటుబుక్కు చూచినాము. కీర్తనంతా తమిళ లిపిలో ఉన్నది. ఆ లిపిలో పకు, బకు ఒకటే అక్షరం. మా పిల్ల 'బాల'ను 'పాల' అని చదువుకొన్నది. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది గాని అక్షరాలు రావు. తప్పు బడిది అని చెప్పి తప్పించుకోవచ్చును. నెలనెలా ఈ పుటలో తెలుగు వ్రాసే మేము ఒక్కనాడైనా పలక పట్టి నేర్పినామా? లేదు.

వేణువు మాట పలకదు, నిజమే. అయినా అక్షరం పడే చోట నాలుక 'తు' అని తాకవలెను, మాట ముగిసిన చోట ఊపిరి తీయవలెను. 'మామిడిపండు' అన్న మాటలో 'మామి' దగ్గర ఆగి ఊపిరి తీసి, పిదప 'డిపండు' అంటే ఎట్లుండును? తమిళుల ఇంట మామి ఎవరో లేచి పలుకును గాని, మన పండు చేతికి రాదు.

త్యాగరాజస్వామి (1767–1847) తిరువయ్యారులో, తమిళుల నడుమ జీవించినారు. మనవలెనే ఇంట తెలుగు, వీధిలో తమిళం. ఆయన కీర్తనలను తమిళ విద్వాంసులు ఇన్ని తరాలుగా కంఠస్థం చేసి కాపాడినారు. వారి రుణం తీర్చలేము. మన పిల్లలకు ఓనమాలు దిద్దించవలసినది మాత్రం వారు కాదు, మనము.

ఇప్పుడు ఆదివారం సాయంకాలాలు మా ఇంట పలకా వేణువూ పక్కపక్కనే ఉంటున్నవి. మొదట కీర్తనను తెలుగులో వ్రాయడం, అర్థం చెప్పుకోవడం, మాట ముగిసిన చోటెల్లా పెన్సిలుతో చిన్న గీత గీయడం, ఆ తరువాతనే ఊదడం. ఒత్తులు ఇంకా తప్పుతున్నవి. ఊపిరి కూడా అప్పుడప్పుడు తప్పుతున్నది.

పోయిన వారం మా అమ్మ తిన్నె మీద చింతపండు గింజలు తీస్తూ విన్నది. ఆమెకు రాగం పేరు తెలియదు. చేతిపని ఆపి, "ఇప్పుడు మాట వినబడుతున్నదే!" అన్నది.

మీ ఇంట వేణువు లేకపోవచ్చును. ఒక పలక మాత్రం కొనండి. వచ్చే నెల మరల కలుసుకొందాము.