కంది వేళ్లను కడిగి చూడండి

కంది చేను నెల రోజులకే అక్కడక్కడ మచ్చలుగా పాలిపోయి, మొక్కలు గిడసబారితే మన రైతులు మొదట యూరియా వేస్తారు. అప్పటికీ లేవకపోతే మందుల దుకాణానికి పోతారు. ఆకు మీద పురుగూ లేదు, మచ్చా లేదు గనుక దుకాణదారు చేతికి వచ్చిన డబ్బా ఇస్తాడు. అసలు సంగతి వేరులో ఉంటే ఆ మందు ఏం చేస్తుంది?

పాలిపోయిన చేనల్లా ఈ పురుగు పనే అనలేము. చూసి తెలుసుకోవాలి. మొక్కను పీకవద్దు. పారతో మట్టిపెళ్లతో సహా తీసి బకెట్ నీళ్లలో మెల్లగా కడగాలి. వేళ్లకు ఆవగింజకన్నా చిన్నవి, ముత్యాల్లా తెల్లనివి అంటుకొని ఉంటే అవి తిత్తి నులిపురుగులు. నత్రజని బుడిపెలను చూసి భయపడవద్దు; అవి వీటికన్నా చాలా పెద్దవి, చిదిమితే లోపల ఎర్రగా ఉంటాయి. ఆడపురుగు చచ్చినా దాని ఒళ్లే గోధుమరంగు తిత్తిగా గట్టిపడి, గుడ్లను దాచుకొని నేలలో ఏళ్ల తరబడి ఉంటుంది. ఇది సోకిన కందికి ఎండు తెగులు కూడా తొందరగా తగులుతుంది.

మన పొరపాటు ఒకటున్నది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చెలకల్లో కంది తర్వాత పెసరో, మినుమో, బొబ్బర్లో, నువ్వులో వేసి పంట మార్చామనుకుంటాము. మన దేశంలోనే 1967లో గుర్తించిన ఈ కంది నులిపురుగుకు ఆ నాలుగూ తిండే. దానికి తిండి దొరకనివి జొన్న, మక్క, పత్తి, వరి. వీటితో రెండు మూడేళ్లు మార్చాలి. మక్కకు వేరే తిత్తి పురుగున్నది కాబట్టి ఏటా మక్క మీద మక్క కూడా వద్దు.

ఎండాకాలంలో చెలకను లోతుగా రెండుసార్లు దున్ని వదలాలి. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో తడిపిన నేలను ఎండల్లో పాలిథిన్‌తో కప్పి చూస్తే ఈ పురుగు తగ్గింది. ఎకరాలకెకరాలు కప్పడం మన వల్ల కాదు, దున్నడం అవుతుంది. సోకిన మట్టి ట్రాక్టర్ టైర్లకు, నాగళ్లకు అంటి పక్క చేనుకు పోతుంది. కడిగి తెమ్మంటే కిరాయి ట్రాక్టర్ డ్రైవరు నవ్వుతాడేమో, అయినా చెప్పాలి.

తప్పంతా రైతుది కాదు. 2015లో వచ్చిన భూసార కార్డులో 12 అంశాలున్నాయి, నులిపురుగు లెక్క లేదు. పొలాసలో పరిశోధన స్థానమున్నది, రైతు వేదికలున్నాయి. కంది నెల మొక్కగా ఉన్నప్పుడు ఒక్కరోజు, పది చేన్ల మొక్కలు తెప్పించి రైతుల ముందే వేళ్లు కడిగి చూపించాలని వ్యవసాయాధికారులను కోరుతున్నాము.