నర్సు ఉద్యోగం మానాలనుకునే ముందు

మన కుటుంబాల్లో ఆడపిల్లను నర్సింగులో చేర్పించడం వెనుక ఒక భరోసా ఉంటుంది. జి.ఎన్.ఎం. అయితే మూడేళ్ళు, బి.ఎస్సీ. నర్సింగ్ అయితే నాలుగేళ్ళు కష్టపడితే చాలు, ఏ ఊరు వెళ్ళినా ఆసుపత్రి ఉంటుంది, పని దొరుకుతుంది అని తల్లిదండ్రులు నమ్ముతారు. ఆ నమ్మకంతోనే ఫీజుల కోసం చేతిలో ఉన్నదంతా ఖర్చు పెడతారు. అలా చదివిన అమ్మాయి నాలుగైదేళ్ళ తర్వాత ‘ఇక ఈ పని చేయలేను, మరేదైనా చూసుకుంటాను’ అంటే ఇంటిల్లిపాదికీ దిక్కు తోచదు. కొందరు మందలిస్తారు. కొందరు మరునాడే రాజీనామా ఇప్పిస్తారు. ఈ రెండూ తొందరపాటు పనులేనని మేము భావిస్తున్నాము.

ముందుగా ఆమె మాట వినాలి. రాత్రి డ్యూటీలు, పన్నెండు గంటల నిలువుకాళ్ళ పని, ఒక్కరే వార్డు మొత్తాన్ని చూసుకోవలసి రావడం, రోగి బంధువుల దూషణలు, వీటన్నిటికీ తగని జీతం. ఇవి కల్పించుకున్న బాధలు కావు. 2016లో సుప్రీంకోర్టు ఆదేశం మేరకు కేంద్రం నియమించిన నిపుణుల సంఘం ప్రైవేటు నర్సుల జీతాలపై స్పష్టమైన సిఫారసులు చేసింది. 200 పడకలకు మించిన ఆసుపత్రులు ప్రభుత్వ నర్సులతో సమానంగా చెల్లించాలని, 50 పడకల లోపు ఆసుపత్రులు సైతం నెలకు 20,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని చెప్పింది. ఆ సిఫారసులు చాలాచోట్ల కాగితం దాటలేదు. కనుక అలసిపోయిన అమ్మాయిని ‘ఓర్పు లేదు’ అనడం న్యాయం కాదు.

అయితే ఆమె కూడా తనను తాను ఒక ప్రశ్న వేసుకోవాలి. విసుగు వచ్చింది వృత్తి మీదనా, పనిచేస్తున్న ఆసుపత్రి మీదనా? రోగి దగ్గరకు వెళ్ళడమే భారంగా తోస్తే వృత్తి మార్చడం సబబు. రాత్రి డ్యూటీలు, జీతం, పై అధికారి తీరు మాత్రమే సమస్య అయితే దారులు వేరే ఉన్నాయి. డయాలసిస్ కేంద్రం, నర్సింగ్ పాఠశాలలో బోధన, పాఠశాలల ఆరోగ్య విభాగం, బి.ఎస్సీ. చేసినవారికి ఆరోగ్య ఉపకేంద్రాల్లో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ పోస్టులు. వీటిలో చాలావరకు పగటి పనులే.

ప్రసవం కారణంగా మానేస్తున్నవారు చట్టాన్ని ఒకసారి చూడాలి. 2017 సవరణతో వచ్చిన నియమం ప్రకారం మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల వేతనంతో కూడిన ప్రసూతి సెలవు హక్కు ఉన్నది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలి. ఈ హక్కు తెలియక రాజీనామా ఇచ్చి ఇంట కూర్చున్నవారు ఎందరో.

ఇవన్నీ ఆలోచించిన పిమ్మట కూడా మానడమే మేలనిపిస్తే, మానడానికీ ఒక పద్ధతి ఉన్నది. నోటీసు కాలం పూర్తి చేయాలి. అది చేసుకున్న ఒప్పందాన్ని నిలబెట్టుకోవడం. రోగులు అమానతు వంటివారు. వారిని తర్వాత వచ్చే నర్సుకు సక్రమంగా అప్పగించి బయటకు రావాలి. రిలీవింగ్ లెటరు, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్, చేరినప్పుడు ఇచ్చిన ఒరిజినల్ సర్టిఫికెట్లు చేతికి తీసుకోవాలి. ఐదేళ్ళు నిరంతరాయంగా పనిచేసి ఉంటే గ్రాట్యుటీ వస్తుంది. పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల వేతనం చొప్పున లెక్క కడతారు. నాలుగేళ్ళ ఎనిమిది నెలలకు కోపంతో బయటకు వచ్చినవారు ఆ సొమ్ము చేజార్చుకునే ప్రమాదం ఉన్నది. ప్రావిడెంట్ ఫండ్ సొమ్మును వెంటనే తీసి ఖర్చు చేయరాదు. నెలవారీ పింఛనుకు పదేళ్ళ సర్వీసు కావాలి గనుక ఆ గడువుకు దగ్గరపడినవారు క్యాలెండరు చూసుకుని నిర్ణయించుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్. ఉద్యోగం మానినా దాన్ని గడువు తీరనివ్వకండి. రేపు భర్త అనారోగ్యం పాలైనా, కొత్త వ్యాపారం నిలవకపోయినా, తిరిగి తలుపు తెరిచేది ఆ కాగితమే.

ఇక ఏ పనికి మారాలి? నర్సింగ్ చదువు వృథా కాని పనులు కొన్ని ఉన్నాయి. హైదరాబాదు వంటి నగరాల్లో మెడికల్ కోడింగ్ సంస్థలు శరీర శాస్త్రం, వ్యాధుల పేర్లు తెలిసినవారిని తీసుకుంటాయి. ఆరోగ్య బీమా సంస్థల్లో క్లెయిముల పరిశీలనకూ ఈ పరిజ్ఞానమే కావాలి. ఇంట మంచాన పడిన వృద్ధులకు, శస్త్రచికిత్స తర్వాత ఇంటికి వచ్చినవారికి వైద్యుని సూచన మేరకు సేవ చేయడం స్వయం ఉపాధిగా మలచుకోదగిన పని. స్త్రీ రోగికి స్త్రీయే సేవ చేయాలని కోరుకునే కుటుంబాలు మనలో తక్కువేమీ కావు.

ఇక్కడే ఒక హెచ్చరిక. నర్సింగ్ సర్టిఫికెట్‌తో సొంతంగా మందుల దుకాణం తెరవడం కుదరదు. దానికి రిజిస్టర్డ్ ఫార్మసిస్టు ఉండాలి. వీధిలో గది తీసుకుని సొంతంగా మందులు రాయడం, సెలైన్లు ఎక్కించడం నేరమే కాదు, ప్రాణాలతో చెలగాటం కూడా.

కుట్టుపని, వంటకాల సరఫరా, బట్టల వ్యాపారం వంటివి ఎంచుకునేవారు మొదట సెలవు రోజుల్లో చేసి చూడటం మంచిది. ఆరు నెలలు లెక్క రాస్తే నిజం తెలుస్తుంది. అమ్మకం వేరు, లాభం వేరు. తన శ్రమకు కూలి కట్టి, సరుకు, కరెంటు, రవాణా ఖర్చులు తీసివేసిన తర్వాత మిగిలిందే లాభం. పెట్టుబడి కోసం నగలు వడ్డీకి కుదువ పెట్టి మొదలుపెట్టిన వ్యాపారం మొదటి నెల నుండే భారమవుతుంది. బంధువుల్లో ఎవరైనా భాగస్వామిగా సొమ్ము పెడితే, లాభంలో ఎవరికెంత అన్నది ముందే నిష్పత్తిగా రాసుకోవాలి. సొమ్ము ఒకరిది, శ్రమ ఒకరిది అయిన ముజారబత్‌లో, పనిచేసేవారి నిర్లక్ష్యం లేనప్పుడు, నష్టం సొమ్ముదారుడే భరిస్తాడు, శ్రమించినవారు తమ శ్రమను కోల్పోతారు. ఇద్దరూ సొమ్ము పెట్టిన చోట నష్టం ఎవరి పెట్టుబడిని బట్టి వారిది. ‘మనలో మనకు కాగితమెందుకు’ అన్న మాట ఎన్ని చుట్టరికాలను తెంచిందో మనకు తెలియనిది కాదు.

చివరగా కుటుంబ పెద్దలకు ఒక మాట. ఆమె జీతంతో తమ్ముడి ఫీజు, అబ్బా మందులు, ఇంటి అద్దె గడుస్తున్నాయా? అయితే ఆమె మానే ముందు ఆ ఖర్చులు ఎవరు పంచుకుంటారో ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోవాలి. ఆ లెక్క తేలకుండా ‘నీ ఇష్టం’ అనడం ఆమెకు స్వేచ్ఛ ఇవ్వడం కాదు. ఆమె సంపాదన ఆమెదేనని ధర్మం చెబుతోంది. ఇంటికి ఇస్తున్నది ఆమె ఔదార్యం. అలాగే పెళ్ళి సంబంధం కుదరగానే ఆమెను అడగకుండా ఉద్యోగం మాన్పిస్తామని మాట ఇవ్వడం పెద్దరికం కాదు. మస్జిదె నబవీలో గుడారం వేసి గాయపడినవారికి చికిత్స చేసిన హజ్రత్ రుఫైదా (రజి) ఈ సేవకు ఎంతటి గౌరవం ఉన్నదో చూపారు. ఆ సేవలో కొనసాగాలా, మరో ధర్మబద్ధమైన సంపాదన వెతుక్కోవాలా అన్నది ఆ పని భారం మోస్తున్న అమ్మాయి, ఇంటివారితో సలహా చేసి, నిర్ణయించుకోవలసిన విషయం. ఆమె రాజీనామా రాసేలోపు ఇంటి ఖర్చుల పుస్తకం, ఆమె సర్టిఫికెట్ల ఫైలు రెండూ ఒకసారి బల్ల మీద పెట్టుకుని కూర్చోండి.