సినిమాకూ కావాలి సంత

'అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి' అన్న సామెత రైతుకు కొత్త కాదు. అందులో మొదటి సగం చిన్న సినిమా తీసేవారికీ వర్తిస్తుంది. అప్పోసప్పో చేసి చిత్రం పూర్తి చేస్తారు. పేరున్న తారలు లేరని బయ్యర్లు ముఖం చాటేస్తారు. పంపిణీదారు లేనిదే థియేటరు దొరకదు. జనం చూడనిదే పెట్టిన డబ్బు తిరిగి రాదు.

చలనచిత్రోత్సవాలు అక్కరకు వచ్చేది ఇక్కడే. ఉత్సవమంటే పూలదండలు, బహుమతులు మాత్రమే అనుకోవడం పొరపాటు. పశువుల సంతలో ఎద్దు పళ్లు చూసి, నడిపించి చూసి బేరమాడినట్లే, పెద్ద ఉత్సవాల్లో పలు దేశాల పంపిణీదారులు చిత్రాన్ని కళ్లారా చూసి బేరానికి దిగుతారు. నిపుణులు ఏరిన చిత్రమన్న పేరు, పత్రికల సమీక్షలు కొనేవారికి ధైర్యమిస్తాయి. నలుగురు కొనేవారు ఒకచోట ఉంటే అమ్మేవారికీ నోరు లేస్తుంది.

ఇందుకు నిదర్శనాలు ఉన్నాయి. రితేష్ బత్రా తీసిన 'ది లంచ్‌బాక్స్' 2013లో ఫ్రాన్సులోని కేన్స్ ఉత్సవంలో ప్రదర్శితం కాగా, ఉత్తర అమెరికా హక్కులను సోనీ పిక్చర్స్ క్లాసిక్స్ సంస్థ అక్కడే కొన్నది. 2024లో అదే కేన్స్‌లో పాయల్ కపాడియా చిత్రం 'ఆల్ వుయ్ ఇమాజిన్ యాజ్ లైట్' గ్రాండ్ ప్రీ పురస్కారం పొందింది. దానిని మన దేశంలో విడుదల చేసింది తెలుగు నటుడు రానా దగ్గుబాటికి చెందిన స్పిరిట్ మీడియా కావడం గమనార్హం. విశాఖపట్నంలోని ఒక పేటవాసులే పాత్రధారులుగా వెంకటేష్ మహా తీసిన 'కేరాఫ్ కంచరపాలెం' కూడా 2018లో న్యూయార్క్ భారతీయ చలనచిత్రోత్సవానికి ఎంపికైంది. అదే ఏడు సెప్టెంబరులో సురేష్ ప్రొడక్షన్స్ అండతో థియేటర్లకు వచ్చి జనాదరణ పొందింది.

అయితే సంతకు తోలిన ప్రతి ఎద్దూ అమ్ముడుపోదు. ప్రవేశ రుసుము, దారి ఖర్చులు భరించి వెళ్లినా, ప్రశంసాపత్రంతో తిరిగి వచ్చేవారే ఎక్కువ. పత్రం గోడకెక్కుతుంది, అప్పు మీద వడ్డీ నెత్తికెక్కుతుంది. అమ్ముడైన చిత్రాలు సైతం పట్టణాల్లో ఒకటి రెండు ఆటలతో సరి. పల్లె బతుకును చూపిన చిత్రం పల్లెవాసుల కంట పడకపోవడం శోచనీయం.

జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ 2007 నుంచి గోవాలో ఫిల్మ్ బజార్ పేరిట ఇటువంటి సంతను నడుపుతూ వస్తున్నది. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఆ బాటలో తెలుగు చిత్రాలకు ఒక సంత ఏర్పాటు చేయాలి. ఉత్సవాలకు ఎంపికైన వారికి దారి ఖర్చులివ్వాలి. జిల్లాలోని థియేటర్ల యజమానులు వారానికి ఒక్క ఆటైనా అటువంటి చిత్రాలకు కేటాయించాలి. ఆట వేస్తే ఆదరించవలసిన బాధ్యత ప్రేక్షకులది. కొనేవాడు రాని సంత ఎన్నాళ్లో సాగదు.