'తెలీదు' అనే బటన్ ఎక్కడ?

ఫొటో తీస్తే చేప పేరు చెప్పే యాప్‌లంటే నాకు కోపం లేదు. చేసింది మన బ్రాంచ్ వాళ్లే కదా. కానీ అక్వేరియం షాపులో కొన్న చేప విషయంలో అవి చెప్పే ఒకే ఒక్క పేరుకి మనం "అవును" నొక్కేయడం తప్పని నా అభిప్రాయం.

సక్కర్ ఫిష్ మీలో చాలామందికి తెలుసు. ఒళ్లంతా గట్టి పలకలు, జెండా లాంటి వీపు రెక్క, గ్లాసుకి నోరు అంటించి నాచు గీకుతూ ఉంటుంది. షాపులో "ట్యాంక్ క్లీనర్" అని ఇస్తారు. వేలంత ఉన్నప్పుడు కొంటాం, అడుగు దాటి పెరుగుతుందని మాత్రం ఎవరూ చెప్పరు. నారాయణఖేడ్‌లో మా ఇంట్లో కూడా ఒకటి ఉంది.

వీటి సొంతూరు దక్షిణ అమెరికా, అమెజాన్ నీళ్లు. మన దగ్గర ఎక్కువగా వినిపించే జాతులు రెండు: టెరిగోప్లిక్తిస్ పార్డాలిస్, టెరిగోప్లిక్తిస్ డిస్‌జంక్టివస్. (పలకలేకపోయినా పర్లేదు, మా తాత "గా రాయి చేప" అంటాడు.) పైనుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తేడా అంతా పొట్ట మీదే. పార్డాలిస్ పొట్ట మీద నల్ల మచ్చలు దేనికది విడిగా ఉంటాయి. డిస్‌జంక్టివస్‌కి ఆ మచ్చలు కలిసిపోయి వానపాముల్లా మెలికల గీతలవుతాయి. మనకి కలిసొచ్చిన విషయం ఏంటంటే ఈ చేప గ్లాసుకి అతుక్కుని తన పొట్ట తనే చూపిస్తుంది.

మా చేప పొట్ట చూస్తే గొంతు దగ్గర విడి మచ్చలు, తోక వైపు వెళ్లేకొద్దీ గీతలు. చెల్లి రెండు ఫొటోలు తీసింది. యాప్ ఒకదానికి ఒక పేరు, ఇంకోదానికి ఇంకో పేరు చెప్పింది. "ఏదో ఒకటి ఫిక్స్ చెయ్యన్నా, చీటీ అతికించాలి" అని దాని గోల. తాతని అడిగితే "కొర్రమట్ట గాదు, బొచ్చె గాదు, గంతే నాకెరుక" అన్నాడు. నన్నడిగితే ముగ్గురిలో తాతదే కరెక్ట్ ఆన్సర్.

ఎందుకంటే ఈ చేపలు చేరిన చాలా దేశాల్లో ఇలాంటి మధ్యరకం పొట్టలు దొరుకుతున్నాయి. రెండు జాతులూ కలిసి సంకరం అయ్యుండొచ్చని పరిశోధకుల అనుమానం. ఇమేజ్ క్లాసిఫైయర్ రాసినవాళ్లకి ఇక్కడ ఏం జరుగుతుందో అర్థమైపోయి ఉంటుంది. సాఫ్ట్‌మ్యాక్స్ తన దగ్గరున్న క్లాసులకే మొత్తం ప్రాబబిలిటీని పంచుతుంది. కుక్క, పిల్లి మాత్రమే నేర్పిన మోడల్‌కి ఆటో ఫొటో ఇస్తే, అదీ కుక్కో పిల్లో అయిపోతుంది. సంకరానికి ఆ లిస్టులో అసలు చోటే లేదు.

డీఎన్ఏ చూస్తే తేలిపోతుంది కదా అంటారా? సగమే. జాతిని గుర్తించడానికి మామూలుగా చదివే బార్‌కోడ్ జన్యువు మైటోకాండ్రియాలోది. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది. కాబట్టి ఆ టెస్టు అమ్మ ఎవరో చెప్తుంది, నాన్న గురించి మాట్లాడదు. నాన్న తెలియాలంటే కేంద్రకంలోని జన్యువులు కూడా చూడాలి.

అమెరికాలో ఇదే తలనొప్పి సన్‌ఫిష్‌లతో. బ్లూగిల్‌కి చిన్న నోరు, మొప్ప మూత చివర పూర్తిగా నల్లటి చెవి. గ్రీన్ సన్‌ఫిష్‌కి పెద్ద నోరు, ఆ చెవికి లేత రంగు అంచు. రెండిటి సంకరానికి నోరు మధ్యస్థంగా ఉంటుంది, ఇంట్లో పెంచుకునేవాళ్లు తల పట్టుకుంటారు. ఆ బ్లూగిల్‌నే 1960లో షికాగో మేయర్ జపాన్ యువరాజు అకిహితోకి బహుమతిగా ఇచ్చారు. అది అక్కడి సరస్సుల్లో చేరి సొంత చేపల్ని తినేసింది. ఆయన స్వయంగా చేపల శాస్త్రవేత్త. చక్రవర్తి అయ్యాక, 2007లో, దానికి బహిరంగంగా బాధపడ్డారు.

"పేరు ఏదైతేనేం, రెండూ చెడ్డవేగా" అని నా రూమ్మేట్ వాదన. నేను ఒప్పుకోను. ఆంధ్రలో జాలర్లు సక్కర్ ఫిష్‌ని దెయ్యం చేప అంటారు. పలకలకి వలలు చిరుగుతాయి, గుడ్ల కోసం గట్లలో బొరియలు తవ్వుతుంది. హైదరాబాద్ సీసీఎంబీ వాళ్లు నీటి శాంపిల్‌లో ఉన్న డీఎన్ఏ బట్టే ఈ చేప ఎక్కడెక్కడ చేరిందో పట్టే పద్ధతి తయారు చేశారు. అలాంటి పనికి ఏ జాతి కోసం వెతుకుతున్నామో తెలియాలి. మనం ధీమాగా నొక్కిన తప్పు పేరు రేపు ఇంకో మోడల్‌కి ట్రైనింగ్ డేటా అవ్వొచ్చు, ఎవరి మ్యాపులోనో చుక్క కూడా అవ్వొచ్చు.

చట్టం కూడా పేరుతోనే నడుస్తుంది. కేంద్రం 2000లోనే నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ని మన మార్కెట్లో "థాయ్ మాగుర్" అంటారు. చేపేమో ఆఫ్రికాది, పేరేమో థాయ్‌లాండ్‌ది! పైగా థాయ్‌లాండ్‌లో దీన్ని అక్కడి క్యాట్‌ఫిష్‌తో కలిపి పుట్టించిన సంకరాన్నే ఎక్కువగా పెంచుతారు. ఇక బుట్టలో ఉన్నది ఏదో కొనేవాడికి ఎలా తెలుస్తుంది?

అందుకే యాప్ రాసే మనవాళ్లని అడుగుతున్నా: "ఈ రెండిటి మధ్య ఏదో, సంకరం కావచ్చు" అని చెప్పే దారి పెట్టండి. పొట్ట ఫొటో లేకపోతే పేరే చెప్పకండి. చేపలు పెంచేవాళ్లు చీటీ మీద జాతి పేరు బదులు ఎక్కడ, ఎప్పుడు కొన్నారో రాయండి, అది మాత్రం కచ్చితంగా నిజం.

ఇంకొకటి. ప్రతి సెమిస్టర్ అయ్యాక హాస్టల్ ట్యాంకుల్లోని చేపల్ని "పాపం, బతుకుతాయిలే" అని దగ్గర్లోని చెరువులో వదిలే అలవాటు కొందరికి ఉంది. మా వైపు నల్లవాగులో, మంజీరలో మనకి కావాల్సింది కొర్రమట్ట, అది మన రాష్ట్ర చేప కూడా. సెలవులకి ఊరెళ్లేవాళ్లు బకెట్ పట్టుకుని చెరువు వైపు వెళ్లకండి, క్లబ్ రూమ్‌కి రండి. కిటికీ పక్కన పెద్ద ట్యాంకు ఖాళీగానే ఉంది, మేత ఖర్చు మాత్రం మీదే.