జనం వచ్చారా... తెచ్చారా?

'ఆయన మంచి క్రౌడ్ పుల్లరండీ!' సినిమా హీరో గురించైనా, ప్రచారానికొచ్చిన నాయకుడి గురించైనా మనం ఇట్టే అనేసే మాట ఇది. జనాన్ని తనవైపు లాక్కునే శక్తి ఉందని అర్థం. అది మనిషికే ఉండాలని లేదు. నాటకం, సర్కస్, ఏటా హైదరాబాద్‌లో పెట్టే నుమాయిష్... ఇవన్నీ క్రౌడ్ పుల్లర్లే.

వాక్యంలోకి వచ్చేసరికి 'పుల్' కన్నా 'డ్రా' ఎక్కువగా వాడతారు. 'ద ప్లే డ్రూ ఎ లార్జ్ క్రౌడ్' అంటే నాటకానికి జనం బాగా వచ్చారని. భూతకాలం 'డ్రూ'. 'డ్రాడ్' అనే మాటే లేదు. హాలు నిండిపోతే 'ద ప్లే డ్రూ ఎ ఫుల్ హౌస్' అనాలి. మన థియేటర్ల బోర్డు మీద 'హౌస్ ఫుల్' బాగానే ఉంటుంది గానీ, ఈ వాక్యంలో మాత్రం అది తిరగబడి 'ఫుల్ హౌస్' అవుతుంది.

దీనికి దగ్గరి చుట్టం 'క్రౌడ్ ప్లీజర్'. రెండూ ఒకటి కావు. జనాన్ని రప్పించేది పుల్లర్. వచ్చినవాళ్లను మెప్పించేది ప్లీజర్. 1980లో వచ్చిన 'శంకరాభరణం' సంగతే చూడండి. పోస్టరు మీద పెద్ద హీరో లేడు. మొదట్లో హాళ్లు పలచగానే ఉన్నాయి. చూసినవాళ్లు ఇంటికెళ్లి పదిమందికి చెప్పారు. ఆ పదిమందీ కదిలారు. అంటే అది ముందు ప్లీజర్ అయింది, ఆ తరవాతే పుల్లర్ అయింది.

ఇక అసలు కిటుకు. 'డ్రా' అనాలంటే జనం తమంతట తాము రావాలి. లారీలు పెట్టి, భోజనం పొట్లాలిచ్చి తరలించిన సభ గురించి 'ద మీటింగ్ డ్రూ థౌజండ్స్' అంటే వ్యాకరణం తప్పదు, నిజం తప్పుతుంది. అక్కడ 'థౌజండ్స్ వర్ బ్రాట్ టు ద మీటింగ్' అనాలి. ఈ తేడా మనకు కొత్తేం కాదు. తెలుగులో ఒకటి జనాకర్షణ, రెండోది జనసమీకరణ. మొదటిదానికి పేరు చాలు, రెండోదానికి డీజిల్ కావాలి!

ఈసారి పేపర్లో ఏదైనా సభ ఫొటో కనిపిస్తే ఇంట్లో పిల్లల్ని అడగండి... అక్కడ 'డ్రూ' రాయాలా, 'బ్రాట్' రాయాలా అని. ఇంగ్లిషూ వస్తుంది, వార్త చదవడమూ వస్తుంది.