వికలాంగ సేవకుల శిక్షణము

నెల మొదటి దినమున కణేకల్లు వీథులలో పింఛను పంచుట మన మెల్లరము చూచుచునే యున్నాము. 2024వ సంవత్సరమున రాష్ట్ర ప్రభుత్వము వికలాంగుల పింఛనును 6,000 రూపాయలకును, బొత్తిగా మంచము పట్టినవారి పింఛనును 15,000 రూపాయలకును పెంచినది. సంతోషము. పైకము ముంగిటికి వచ్చినది కాని, మంచముమీది మనుష్యుని లేవనెత్తు చేయి మాత్రము రాలేదు.

ఆ చేయి తల్లిది. తల్లి లేని యింట అవ్వది. వాన తప్పిన యేట వయసువారు బెంగుళూరు దారి పట్టుదురు. వేదావతి యొడ్డున ఇసుకమేటలు పొలములను మ్రింగుచున్న యూళ్ల సంగతి చెప్పనేల? వలస పోజాలనిది మంచముమీది బిడ్డయు, వానిని కనిపెట్టుకొనియున్న ముసలిదియు మాత్రమే. ఎదిగిన కొడుకును దినమునకు పదిమారులు ఎత్తి దింపిన తల్లికి కొన్నాళ్లకు నడుము పడును. అంతట ఆ యింట అశక్తు లిద్దరగుదురు.

కన్నతల్లికి సైతము నేర్పవలయునా యని యడుగువారు కలరు. నేర్పవలయుననియే మా మనవి. సెరిబ్రల్ పాల్సీ యను వ్యాధిగల బిడ్డను వెల్లకిల పరుండబెట్టి అన్నము పెట్టినచో మెతుకు ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. కూర్చుండబెట్టి, తల యించుక ముందునకు వంచి తినిపింపవలయును. తనంత తాను కదలలేనివానిని సుమారు రెండు గంటల కొకమారు ప్రక్కకు త్రిప్పనిచో పడకపుండ్లు పడి ప్రాణముమీదికి వచ్చును. మూర్ఛ వచ్చినవాని చేతిలో తాళపుచెవులు పెట్టుట మన యూళ్లలో నేటికిని మానలేదు! వానిని ప్రక్కకు త్రిప్పి, నోటిలో నేమియు పెట్టక, ఐదు నిమిషములు మించినచో ఆసుపత్రికి కొనిపోవలయుననునది ఒక్క పూటలో నేర్పదగిన విద్య. నేర్పువారేరి?

సేవకు హృదయమే చాలునని పలుకు మా మిత్రులకు ఒక సంగతి జ్ఞాపకము చేయుదుము. మహాత్ముడు 1899లో బోయరు యుద్ధమున క్షతగాత్రులను మోయుటకు పూనుకొనుటకు ముందే, డర్బనులో డాక్టరు బూత్ ఆసుపత్రికి పోయి, రోగుల బాధలు విని, మందులిచ్చు పని నేర్చుకొనెను. సేవాగ్రామమున కుష్ఠురోగియైన పర్చూరె శాస్త్రిగారికి స్వయముగా తైలము మర్దించిన చేతులును అట్లు నేర్చిన చేతులే.

మన జిల్లాలో ఈ పని అసలే జరుగలేదనుట న్యాయము కాదు. 1969లో విన్సెంటు ఫెర్రరు, ఆన్నె ఫెర్రరు గారలు అనంతపురమున నెలకొల్పిన సంస్థ, జనులు ఆర్డీటీ యని పిలుచునది, చెవిటివారికిని, గ్రుడ్డివారికిని, బుద్ధిమాంద్యము గలవారికిని బడులు పెట్టినది; పల్లెలలో వికలాంగుల సంఘములు కట్టినది; కణేకల్లున ఆసుపత్రి నడపినది. అయినను ఒక ధర్మసంస్థ భుజములమీద జిల్లా భారమంతయు మోపి మన మూరకుండుట సిగ్గుచేటు.

ప్రభుత్వమువారి వద్ద శాసనములకు కొరత లేదు. 1992 నాటి పునరావాస మండలి చట్టము ప్రకారము, ఆ మండలి పట్టికలో పేరులేనివారు ఈ వృత్తి సాగించిన శిక్షార్హులు. 2016 నాటి చట్టము ఇరువదియొక విధముల వైకల్యములను గుర్తించి, ఎక్కువ ఆసరా కావలసినవారికి సంరక్షకుల భత్యమునకై పథకములు చేయవలయునని 24వ విభాగమున పలికినది. 2021లో ఆ మండలియే మెల్బోర్న్ విశ్వవిద్యాలయముతో కూడి, గ్రామముననే పనిచేయు సేవకులకై ఆరునెలల శిక్షణము ఏర్పరచినది. వారికి ‘దివ్యాంగ మిత్రులు’ అని పేరు. పాఠ్యపుస్తకములు తెలుగునను వెలువడినవి. (పేర్లు పెట్టుటలో మన దొరతనమువారికి అలసట లేదు. వికలాంగులు విభిన్న ప్రతిభావంతులైరి, పిమ్మట దివ్యాంగులైరి. ఎత్తి కూర్చుండబెట్టువారు మాత్రము మునుపటి తల్లులే.)

పుస్తకమున్నది, చట్టమున్నది. లేనిది కొలువు. ఆరు నెలలు నేర్చిన పిల్లకు కణేకల్లులో జీతము దొరకనిచో ఆమెయు బెంగుళూరి ధనికుల యిండ్లకే పోవును. మన కరవుసీమ పట్టణములకు కూలీలను పంపినట్లే దాదులనుకూడ పంపును. 2005లో మొదలైన ఆశా కార్యకర్తల కథ మనకు హెచ్చరిక. సేవయని పొగడి, ఉద్యోగమనక, చేసిన పనికి ఇంతయని ప్రోత్సాహకము చేతబెట్టిరి. మేమును స్వచ్ఛంద సేవకులమే గనుక ఈ మాట నిర్భయముగా అనుచున్నాము: వకాలతు ఆదాయముగలవాడు ఉచితముగ సేవ చేయవచ్చును, కూలినాలి చేసుకొను ఇంటి ఆడబిడ్డను అట్లు చేయుమనుట దోపిడి.

కావున మేము కోరునది: గ్రామ సచివాలయములలో ఈ సేవకు నెలజీతముగల కొలువులు నెలకొల్పవలెను. శిక్షణము కణేకల్లులోనే జరుగవలెను. బళ్లారి సరిహద్దు కావున కన్నడమునను చెప్పవలెను. మగవారినిగూడ చేర్చుకొనవలెను, ఎదిగిన మగవానికి స్నానము చేయించుట చెల్లెలికిని, వానికిని ఎంత యిబ్బందియో ఎరిగినవా రెరుగుదురు. బోధించువారిలో వికలాంగులు ఉండితీరవలెను. తన్ను ఎట్లు ఎత్తిన నొప్పి లేదో వారికంటె తెలిసినవా రెవ్వరు?

పఠనాలయమున ఈ పత్రిక చదువుచున్న సోదరులు తమ యూరి పింఛను పట్టిక చూచి, మంచము పట్టినవారెందరో, వారిని ఎత్తువారెవరో, ఆ యెత్తువారి వయసెంతయో వ్రాసికొని మా కార్యాలయమునకు తేవలసినదిగా ప్రార్థన. మండల పరిషత్తునకును, జిల్లా కలెక్టరుగారికిని అర్జీలు మేమే వ్రాసియిత్తుము. రుసుము లేదు.